చిరుతలు జోడు కట్టే రోజులు

దేశంలోని టైగర్ రిజర్వుల్లో చిరుతపులులు ఎక్కువగా ఎక్కడున్నాయని అడిగితే చాలామంది మధ్యప్రదేశ్ పేరో కర్ణాటక పేరో చెబుతారు. నిజానికి ఆ మొదటి స్థానం మన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వుది, అంటే నల్లమలది. 2022 నాటి గణన ఫలితాల్ని కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో విడుదల చేసింది. అందులో మధ్యప్రదేశ్‌లోని పన్నా, సాత్పురా నల్లమల తర్వాతే నిలిచాయి. దేశమంతటా కలిపి 13,874 చిరుతలు ఉంటాయని అంచనా వేశారు. ఆంధ్రప్రదేశ్ వాటా 569. 2018లో మన రాష్ట్రం లెక్క 492.

ప్రకాశం జిల్లా సింగరాయకొండ వైపు వాళ్ళకి ఈ మాట వింతగానే ఉంటుంది. తూర్పున పాకల తీరం, సముద్రం. మిగతా దిక్కుల్లో పొగాకు బ్యారన్లు, జామాయిల్ తోటలు, శనగ చేలు, మిరప కల్లాలు. చిరుత మసిలే నేల కాదిది. కానీ ఇక్కణ్ణుంచి ఒంగోలు, పొదిలి, మార్కాపురం మీదుగా దోర్నాల చేరేసరికి పొలాలు అయిపోయి కొండలు మొదలవుతాయి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డు మీద తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జంగిల్ సఫారీ నడుపుతోంది. పొద్దున్నే ఇంట్లో బయలుదేరినవాళ్ళు మధ్యాహ్నానికల్లా చిరుతలు ఏలే అడవిలో ఉంటారు.

సఫారీ నుంచి తిరిగొచ్చినవాళ్ళని అందరూ అడిగేది, చిరుత కనపడిందా లేదా అని. అంతకన్నా విలువైన ప్రశ్న ఇంకోటి ఉంది. కనపడింది ఒకటా, రెండా? రెండు పెద్ద చిరుతలు పక్కపక్కన కనపడ్డాయంటే అది అడవిలో మామూలు రోజు కాదు. ఆ జంట అక్కడికెలా చేరింది, ఆ నాలుగైదు రోజుల్లో ఏం జరుగుతుంది, పుట్టబోయే కూనలు బతికి బట్టకట్టాలంటే ఇంకేం కావాలి అన్నది ఈ వ్యాసం విషయం.

ఒంటరి బతుకు, పొలిమేరల లెక్క

చిరుత ఒంటరిగా తిరుగుతుంది, ఒంటరిగా వేటాడుతుంది. ఆడ చిరుత తనకీ తన కూనలకీ సరిపడా దుప్పులు, కొండముచ్చులు, అడవిపందులు, నీటి పట్టు ఉన్న చోటు చూసుకుని అక్కడ పాతుకుపోతుంది. మగ చిరుత లెక్క వేరు. దాని పొలిమేర ఆడదానికన్నా చాలా పెద్దది. ఆ పెద్ద పొలిమేరలోనే ఒకటికి మించి ఆడ చిరుతల చోట్లు ఇమిడి ఉంటాయి. తిండి కోసం ఆడది నేలని ఎంచుకుంటే, ఆడ చిరుతల కోసం మగది నేలని ఏలుతుంది.

ఎదిగిన ఆడపిల్ల తరచుగా తల్లి చోటు పక్కనే స్థిరపడుతుంది. ఒక్కోసారి తల్లే తన నేలలో కొంత దానికి వదిలిపెడుతుంది. మగపిల్ల మాత్రం దూరం వెళ్ళిపోవాలి. ఈ పద్ధతి వల్ల అక్కాతమ్ముళ్ళు, తల్లీకొడుకులు జత కట్టే అవసరం రాదు.

కాబట్టి రెండు పెద్ద చిరుతలు కలిసి కనపడితే ముందు వాటి ఒడ్డూ పొడుగూ చూడాలి. మగది తల పెద్దగా, మెడ లావుగా, ఛాతీ వెడల్పుగా ఉంటుంది. భారతీయ చిరుతల్లో మగది 50 నుంచి 77 కిలోల దాకా తూగుతుంది. ఆడది 30 కిలోలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. తల్లీ, ఎదిగిన పిల్లా కలిసి తిరుగుతుంటే అంత తేడా ఉండకపోవచ్చు. తేడా కొట్టొచ్చినట్టు కనపడి, ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ ఉంటే అది జోడు అయ్యే అవకాశం ఎక్కువ.

కబురు పంపేది వాసనతో, కూతతో

ఎప్పుడూ ఒంటరిగా తిరిగే జీవికి తోడు అవసరమైన రోజున కబురు ఎలా వెళ్తుంది? చిరుత రోజూ తన దారుల్లో ఆనవాళ్ళు వదులుతూనే ఉంటుంది. తోక పైకెత్తి పొదల మీదకీ చెట్ల మొదళ్ళ మీదకీ మూత్రం చల్లుతుంది. వెనక కాళ్ళతో నేలని గీకుతుంది. మానుల మీద గోళ్ళతో గీస్తుంది. వంగిన కొమ్మలకి బుగ్గలు రుద్దుతుంది. ఆ దారిన వచ్చే ఇంకో చిరుతకి ఇక్కడ తిరిగింది ఎవరు, ఆడా మగా, ఎంతసేపైంది, ఎదలో ఉందా లేదా అన్న సమాచారమంతా అందులోనే దొరుకుతుంది.

పులులు ఇలా చల్లే ద్రవం మీద కోల్‌కతా శాస్త్రవేత్త ఆర్.ఎల్. బ్రహ్మచారి ఏళ్ళ తరబడి పనిచేశారు. అందులో 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం ఉందని ఆయన తేల్చారు. బాస్మతి బియ్యానికి ఆ సువాసన ఇచ్చేది కూడా ఈ పదార్థమే.

ఈ వాసన చదవడానికి పెద్ద పిల్లులకి అంగిట్లో ప్రత్యేకమైన అవయవం ఉంది. దాన్ని జాకబ్సన్ అవయవం అంటారు. ఆడదాని మూత్రం వాసన తగలగానే మగ చిరుత మూతి పైకెత్తి, పై పెదవి ముడిచి, నోరు సగం తెరిచి కాసేపు కదలకుండా నిలబడిపోతుంది. ఒంగోలు ఆంబోతుల్నీ పొట్టేళ్ళనీ చూస్తూ పెరిగినవాళ్ళకి ఈ భంగిమ కొత్త కాదు. అవి మూతి ఎత్తేదీ ఇందుకే.

దగ్గరలో మగది లేకపోతే ఆడ చిరుత గొంతు ఎత్తుతుంది. మొద్దుని రంపంతో కోస్తున్నట్టు గరగరమంటూ ఆగి ఆగి సాగే కూత అది. ఊపిరి వదిలేటప్పుడూ పీల్చేటప్పుడూ కూడా శబ్దం పుట్టడం వల్ల ఆ ఎగుడుదిగుడు లయ వస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న వేళ కిలోమీటరుకి పైగా వినపడుతుంది. మామూలు రోజుల్లో కూడా చిరుతలు పొలిమేర చాటుకోడానికి ఈ కూత కూస్తాయి. కానీ ఒకే ఆడ చిరుత చోటు మారుతూ మళ్ళీ మళ్ళీ కూస్తూ, దారి పొడవునా వాసన చల్లుతూ పోతోందంటే అది ఎదకొచ్చిందని అనుకోవచ్చు.

ఎదకొచ్చిన ఆ వారం

వేడి దేశాల్లో చిరుతలకి ఫలానా ఋతువనే కట్టుబాటు లేదు. ఏడాదిలో ఎప్పుడైనా జోడు కట్టగలవు. కూనలు లేని ఆడ చిరుత సుమారు 46 రోజులకోసారి ఎదకొస్తుంది. ఎద దాదాపు వారం నిలుస్తుంది. ఇంత పెద్ద అడవిలో, ఆ వారంలోపే మగది దాన్ని చేరుకోవాలి.

కలిసిన తర్వాత చొరవ ఎక్కువగా ఆడదానిదే. మగది పడుకుని ఉంటే దాని ముందు అటూ ఇటూ నడుస్తుంది. ఒళ్ళు రాసుకుంటూ పోతుంది, తోకని దాని ముఖం మీదుగా ఈడుస్తుంది. అప్పటికీ లేవకపోతే పంజాతో తడుతుంది. చివరికి దాని ముందే పొట్ట నేలకి ఆనించి, తోక పక్కకి తప్పించి కూర్చుంటుంది. మగది పైకి వచ్చి మెడ వెనక చర్మాన్ని పళ్ళతో పట్టుకుంటుంది. పంటి గాటు దిగదు, ఆడది కదలకుండా ఉండేందుకే ఆ పట్టు. కలయిక కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ముగిసీ ముగియగానే ఆడది గర్జిస్తూ గిరుక్కున తిరిగి పంజా విసురుతుంది. మగది ఒక్క గెంతులో పక్కకి తప్పుకుంటుంది. కొత్తగా చూసేవాళ్ళు వాటి మధ్య పోట్లాట మొదలైందనుకుంటారు. ఆడది మాత్రం వెల్లకిలా పడి దొర్లుతుంది, మగది కొంచెం దూరంలో చతికిలబడుతుంది. కొద్ది నిమిషాల్లో ఆడది మళ్ళీ లేచి నడక మొదలుపెడుతుంది.

పగలూ రాత్రీ రోజుల తరబడి ఇదే సాగుతుంది. అన్నీ లెక్కిస్తే కలయికలు వంద దాటడం మామూలే. ఆ రోజుల్లో వేట మీద వాటికి పెద్దగా ధ్యాస ఉండదు. ఎద తగ్గగానే దేని దారి దానిది.

అన్ని సార్లు ఎందుకు?

ఆవు, గేదెల సంగతి మన రైతులకి తెలుసు. ఆవు దాదాపు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఆంబోతు ఉన్నా లేకపోయినా అండం తన వేళకి తను విడుదలవుతుంది. అందుకే డాక్టరు వేళ చూసి సూది వేస్తే సరిపోతుంది. పిల్లి జాతిలో చాలావరకు పద్ధతి ఇది కాదు. వాటిలో కలయికే అండాన్ని విడుదల చేయిస్తుంది.

మగ పిల్లి జాతి జంతువుల అంగం మీద వెనక్కి వాలిన చిన్న ముళ్ళు ఉంటాయి. కలయిక ముగిసేటప్పుడు అవి కలిగించే రాపిడి ఆడదాని నరాల గుండా మెదడుకి చేరుతుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అప్పుడు ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని రక్తంలోకి వదులుతుంది. ఆ హార్మోన్ మోతాదు ఒక స్థాయి దాటితేనే అండం విడుదలవుతుంది. ఒకటి రెండు కలయికలతో ఆ స్థాయి అందకపోవచ్చు. అందుకే అన్నన్ని సార్లు, అంత తక్కువ ఎడంతో కలుస్తాయి. ఆడది గర్జించి పంజా విసరడానికి కారణం కూడా ఈ ముళ్ళ రాపిడేనని జీవశాస్త్రవేత్తలు భావిస్తారు. జూలలో ఉంచిన చిరుతల్లో మగది లేకుండానే అండం విడుదలైన సందర్భాలు కొన్ని కనిపించాయి గానీ, సాధారణంగా నడిచేది ఈ పద్ధతే.

ఒంటరి బతుకుకి ఈ ఏర్పాటు బాగా నప్పుతుంది. మగది ఏ వేళకి చేరుతుందో తెలియని చోట, అండం ముందే విడుదలై వృథా కాకుండా, మగది వచ్చాకే విడుదల కావడంలో లాభం ఉంది. ఇంకో లాభమూ కనపడుతుంది. రోజుల తరబడి వెంటే ఉండగలిగిన మగది, ఆ పొలిమేరలో మిగతావాటిని నిలవనియ్యని బలం ఉన్నదే అయి ఉంటుంది.

అయినా చాలా జోళ్ళు కూనల దాకా రావు. చూడి నిలిస్తే సుమారు 96 రోజులకి ఆడది ఏ బండల సందులోనో, గుహలోనో, చిక్కటి వెదురు పొదలోనో ఈనుతుంది. సాధారణంగా రెండు కూనలు, కళ్ళు మూసుకుని, ఒక్కోటి అర కిలో పైచిలుకు బరువుతో పుడతాయి. వారం పది రోజులకి కళ్ళు తెరుస్తాయి. తల్లి వాటిని నోట కరుచుకుని తరచూ చోటు మారుస్తూ ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా అవి తల్లి చాటునే పెరుగుతాయి. అంతకాలం తల్లి మామూలుగా మళ్ళీ ఈనదు.

కూనలకి పెద్ద గండం

చిరుత కూనలకి పులి, రేచుకుక్కలు, హైనా, ఆకలి, వరద అన్నీ ప్రమాదమే. కానీ దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కుని ఆనుకుని ఉన్న సాబీ శాండ్ అడవుల్లో శాస్త్రవేత్తలు లెక్క తీస్తే ఇంకో శత్రువు బయటపడింది. అది మగ చిరుత. అక్కడి కూనల్లో సగానికి పైగా ఎదిగే లోపే చనిపోతున్నాయి. ఆ చావుల్లో దాదాపు సగం మగ చిరుతల చేతుల్లోనే జరిగాయని గై బామ్, ల్యూక్ హంటర్ 2013లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది.

మగది తన కూనల్ని చంపదు. బయటి నుంచి వచ్చి పొలిమేర ఆక్రమించిన కొత్త మగది, పాత మగదాని కూనల్ని చంపుతుంది. పాలు తాగే కూనలున్నంతకాలం తల్లి ఎదకి రాదు. కూనలు పోతే త్వరలోనే వస్తుంది. మగదానికి పొలిమేర ఏలే కాలం తక్కువ. తన కూనల్ని కనే అవకాశం కోసం అది ఏడాదిన్నర ఆగలేదు. మనకి క్రూరంగా తోచే ఈ పని వెనక ఉన్న లెక్క ఇంతే.

ఆడదానికి కూడా ఎదురు ఉపాయం ఉంది. అవకాశముంటే అది ఒకే ఎదలోనో, ఒక ఎద తర్వాత ఇంకో ఎదలోనో ఒకటికి మించి మగ చిరుతలతో కలుస్తుంది. అప్పుడు పుట్టిన కూనలు తనవే కావచ్చని ప్రతి మగదీ వాటి జోలికి పోకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. జీపులో కూర్చుని చూసేవాళ్ళకి చపలత్వంగా కనపడేది తల్లి తన కూనలకి ముందే కట్టే రక్ష.

మగది కూనల్ని పెంచదు, వేటాడి తెచ్చి పెట్టదు. కానీ ఒకే చోట ఏళ్ళ తరబడి పాతుకుపోయి, కొత్త మగవాటిని పొలిమేర దాటనియ్యకపోవడమే అది తండ్రిగా చేసే మేలు. కూనలు బతకాలంటే కలయిక ఎంత అవసరమో, ఆ తర్వాత రెండేళ్ళ పాటు అదే మగది ఆ నేల మీద నిలిచి ఉండటం అంతే అవసరం.

ఒక్క ఉచ్చు, ఎన్ని ప్రాణాలు

ఈ శాస్త్రం నల్లమలకి సూటిగా తగిలేది ఇక్కడే. అడవి అంచు పొలాల్లో అడవిపందుల కోసం బిగించిన ఉచ్చుకో, కరెంటు తీగకో ఒక మగ చిరుత బలైందనుకోండి. రికార్డులో ఒక చావు నమోదవుతుంది. అడవిలో మాత్రం అది ఒక చావుతో ఆగదు. ఖాళీ అయిన పొలిమేర కోసం కొత్త మగవి వస్తాయి. ఆ పొలిమేరలో ఉన్న రెండు మూడు ఆడ చిరుతల కూనలు ప్రమాదంలో పడతాయి. ఆ తల్లులు మళ్ళీ ఎదకొస్తాయి, మళ్ళీ జోడు కడతాయి. సఫారీలో జంటలు ఎక్కువగా కనపడి అంతా బాగుందని మనం సంబరపడవచ్చు. ఎదిగి బయటపడే కూనలు మాత్రం ఉండవు.

దీనికి రెండో వైపు కూడా తేలింది. దక్షిణాఫ్రికాలోని ఫిండా అభయారణ్యం చుట్టుపక్కల చిరుతల్ని వేటాడటం, పగబట్టి చంపటం ఎక్కువగా ఉండేది. 2005 నుంచి వేట అనుమతుల పద్ధతి మార్చి, పశువుల యజమానులతో కలిసి పనిచేశారు. ఏటా 40 శాతం దాకా ఉన్న మరణాలు 13 శాతం దరిదాపులకి తగ్గాయి. చూడి నిలవడం, కూనలు బతకడం రెండూ పెరిగాయి. మగ చిరుతలు విపరీతంగా చచ్చిపోయే చోట కుర్ర మగవి దూరం పోకుండా పుట్టిన చోటే ఖాళీల్లో స్థిరపడి, దగ్గరి బంధువులతో జత కడుతున్నాయని 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం చూపించింది. అంటే మనిషి చేతిలో చావులు ఆపితే, జోడు కట్టే పద్ధతి తనంతట తనే సరైన దారిలో పడుతుంది.

జీపులో కూర్చున్నవాళ్ళు చేయగలిగింది

సాబీ శాండ్ పరిశోధనకి ఆధారం ఎక్కడిదో మనం గమనించాలి. 1970ల చివరి నుంచీ అక్కడి సఫారీ గైడ్లు ఏ చిరుతని ఎప్పుడు ఎక్కడ ఏ చిరుతతో చూశారో రాసిపెట్టుకుంటూ వచ్చారు. మీసాల మొదట్లో ఉండే చుక్కల వరసని బట్టి ఒక్కోదాన్ని గుర్తుపట్టారు. ఏ ఆడది ఏ మగదానితో కలిసిందో, ఎన్నాళ్ళకి కూనలతో కనిపించిందో, ఆ కూనలు ఏమయ్యాయో ఆ పుస్తకాల్లోంచే తేలింది.

మన దగ్గరలోనూ ఇలాంటిది ఉంది. కర్ణాటకలోని కబినిలో సాయా అనే నల్ల చిరుత, క్లియోపాత్రా అనే మచ్చల ఆడ చిరుత జంటగా నిలబడి ఉన్న ఫోటో 2020లో ప్రపంచమంతా తిరిగింది. దాన్ని తీసిన మిథున్ హెచ్. ఆ జంట కోసం రోజుల తరబడి ఓపికగా ఎదురుచూశారు. కబిని సఫారీ జనం ఆ రెండిటినీ ఏళ్ళుగా పేరు పెట్టి ఎరుగుదురు కాబట్టే అది సాధ్యమైంది. చిరుతల్లో నలుపు తల్లిదండ్రులిద్దరి నుంచీ అందితేనే బయటపడే లక్షణం. కాబట్టి అలాంటి జంటకి ఏ రంగు కూనలు పుట్టాయో రాసిపెట్టినా అది వంశపారంపర్యం గురించిన సమాచారమే.

నల్లమలలో చిరుతలున్నాయి, కెమెరా ట్రాపులున్నాయి. బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా పనిచేస్తున్న చెంచులున్నారు. అడుగుజాడ చూసి ఆడదో మగదో చెప్పడం, కొండముచ్చు అరుపుని బట్టి చిరుత ఎటు కదులుతోందో పసిగట్టడం వాళ్ళకి వయసుతో వచ్చిన విద్య. దీనికి తోడు కావలసింది క్రమం తప్పకుండా రాసే అలవాటు. తేదీ, వేళ, ఏ వాగు దగ్గర, ఒకటా రెండా, కూత వినపడిందా, నేల గీకిన ఆనవాలుందా అని ప్రతి జీపులో ఒక పుస్తకంలో రాయాలి. రెండు పక్కల మచ్చలూ కనపడేలా ఫోటోలు తీయాలి. ఒక్కో చిరుత మచ్చలు ఒక్కో తీరు కాబట్టి అవే దాని చిరునామా. ఆ వివరాలు అటవీశాఖ జీవశాస్త్రవేత్తలకి చేరాలి.

జోడు కనపడ్డ రోజున సందర్శకులు పాటించాల్సినవి కొన్నే. ఇంజను ఆపేయాలి. దూరంలోనే ఆగాలి. వాటి దారికి అడ్డంగానూ, రెండిటి మధ్యకీ బండి పోనియ్యకూడదు. ఫ్లాష్ వాడకూడదు. ఫోన్లో చిరుత కూత వినిపించి పిలవాలని చూడకూడదు, కొత్త మగది వచ్చిందని అవి బెదిరిపోతాయి. ఉన్న చోటుని అప్పటికప్పుడు వాట్సాప్‌లో పెట్టకూడదు. పొదల్లో కూనలు కనపడితే వెంటనే వెనక్కి మళ్ళాలి. ఆడది వారంలోపే చూడి కట్టాలి. మన బండి వల్ల అది చోటు వదిలి వెళ్ళిపోతే ఆ నెలన్నర వృథా అయినట్టే. దోర్నాల–శ్రీశైలం రోడ్డుని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూయడం, వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఆపడం ప్రయాణికులకి ఇబ్బందే. కానీ చిరుతలు ఎక్కువగా కూసేది, తిరిగేది, ఒకదాన్నొకటి వెతుక్కునేది చీకట్లోనే. ఆ కొద్ది గంటలు మనం వదిలిపెట్టడం న్యాయం.

అడవి అంచు ఊళ్ళలో ఉచ్చు కనపడితే వాచరుకి చెప్పేవాళ్ళు, పంది నుంచి చేనుని కాపాడుకోడానికి కరెంటు తీగ కాకుండా వేరే దారి చూసుకునే రైతులు కూడా ఈ పనిలో భాగస్తులే. పంట నష్టానికి పరిహారం వేళకి అందితే ఆ దారి వాళ్ళకి సులువవుతుంది. మగ చిరుత ఒకటి నాలుగేళ్ళు నిలిచిన చోట తల్లులు కూనల్ని పెంచి పెద్దచేసుకుంటాయి. నల్లమలలో చిరుతలు ఎన్నో మనకిప్పుడు తెలుసు. ఏ మగది ఏ వాగు దాకా ఏలుతోంది, ఏ తల్లి కూనలు బయటపడ్డాయి, ఏవి పోయాయి అన్నది కూడా ఏటేటా రాసుకుంటూ పోతే, దేశంలో మొదటి స్థానం నిలబడుతోందో జారుతోందో తర్వాతి గణన దాకా ఆగకుండానే చెప్పగలుగుతాం.